ఆదివారం నేను తాబేలు కడుపులో ఉన్నాను

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంటులో జరిగిన సభకు నేను రాలేదని అనుకుంటున్నవారికి ఒక మనవి. వచ్చాను, అందరికంటే ముందే వచ్చాను. కాకపోతే తాబేలు లోపల ఉన్నాను.

విశాఖ తీరానికి ఏటా చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి కనుక, వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాలతో అటువంటి తాబేలును గేటు పక్కన నిలపాలని మా సంఘం తీర్మానించింది. అసలు తాబేలు చిప్ప రెండున్నర అడుగులకు మించదు. మాది తొమ్మిది అడుగులు, ఎందుకంటే మా సెక్రటరీగారికి చిన్న పనులు నచ్చవు. సీసాలు పోగయ్యాయి, ఇనుప చట్రం లేచింది, చికెన్ మెష్ చుట్టారు.

వీపు మీద మూడు సీసాలు జారుతున్నాయని, లోపలినుంచి బైండింగ్ వైరుతో బిగించాలని సెక్రటరీగారు ఏడున్నరకు నన్ను పంపారు. నేను తోక కింది సందులోంచి పాకుతూ దూరాను. తొమ్మిది గంటల సభను ఎనిమిదికి జరిపిన సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టారట. నా ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంది. సందుకు అడ్డంగా ఎవరో పెద్ద పూలకుండీ ఒకటి తెచ్చి అలంకరించారు. కేక వేద్దామనుకునేసరికి ప్రార్థనాగీతం మొదలైంది. ప్రార్థన మధ్యలో తాబేలు అరిస్తే బాగుండదని ఆగాను.

ఆగడమే పొరపాటు. సీసాలు కడిగి ఆరబెట్టాలని నేను మొదటి రోజే చెప్పాను. కడగనక్కరలేదు, ఎండకు అదే ఆరిపోతుందని సెక్రటరీగారు కొట్టిపారేశారు. ఆరింది నీరేగాని చక్కెర కాదు. అడుగున జిగురుగా మిగిలిన కూల్‌డ్రింకు కోసం వచ్చిన ఎర్ర చీమలు, దానికంటే మెత్తని సరుకు దొరికిందని నా మెడ మీదికి మళ్లాయి. సీసాకూ మూతకూ వాడే ప్లాస్టిక్ వేరని, ముక్కలు చేసి నీళ్లలో వేస్తే సీసా మునిగి మూత తేలుతుందని, రీసైక్లింగువాళ్లు వాటిని అలాగే వేరు చేస్తారని, కాబట్టి మూతలు విడిగా ఏరి పెట్టాలని కూడా నేను అప్పుడే చెప్పాను. "మాస్టారూ, మన తాబేలు ఈదదు కదా" అన్నారాయన. లోపల కూర్చుని ఒక్కొక్క మూతనూ చూస్తూ ఆ మాట నెమరు వేసుకోవడానికి నాకు కావలసినంత తీరిక చిక్కింది.

ఇంతలో ముఖ్య అతిథిగారు మైకు అందుకుని, నీళ్లలో తేలే క్యారీబ్యాగును జెల్లీ చేప అనుకుని తాబేళ్లు ఎలా మింగుతాయో చక్కగా వివరించి, పిల్లలవైపు తిరిగి, "ఇప్పుడు చెప్పండి, ఈ తాబేలు కడుపులో ఏముంది?" అని అడిగారు.

"ప్లాస్టిక్" అని అందరూ అరిచారు.

ముందు వరుసలో కూర్చుని, పచ్చ సోడా సీసాలోంచి అంతవరకూ నన్నే రెప్ప వేయకుండా చూస్తున్న రెండో అంతస్తు పాప మాత్రం, "మూడో అంతస్తు అంకుల్" అంది.

సభ గొల్లుమంది. అతిథిగారు పిల్లల ఊహాశక్తిని మెచ్చుకుని, అటువంటి ఊహే రేపటి సమాజానికి కావాలన్నారు. చప్పట్లు కొట్టారు, అందులో మా ఆవిడ చప్పట్లు కూడా ఉన్నాయని తరువాత తెలిసింది. పాపకు రోషం వచ్చింది. "నిజంగానే ఉన్నారు, గోక్కుంటున్నారు కూడా" అని లేచి నిలబడి వేలు చూపించింది.

నన్ను బయటికి ఎలా తీశారో వివరించను. తాబేలుకు ప్రస్తుతం తోక లేదని మాత్రం చెప్పగలను.

2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్న ప్లాస్టిక్ కప్పుల్లోనే ఆ తరువాత అందరికీ టీ ఇచ్చారు. సెక్రటరీగారు ఒక కప్పు నా చేతికిచ్చి, మెడ మీది దద్దుర్లవైపు చూడకుండా జాగ్రత్తపడుతూ, "మాస్టారూ, తోక మళ్లీ కట్టాలంటే పన్నెండు సీసాలు కావాలి, మీ ఇంట్లో ఉంటే పంపించండి. కడగనక్కరలేదు" అన్నారు.