మహారాజశ్రీ హెడ్‌నోట్ గారికి న్యాయ విద్యార్థుల విన్నపం

మహారాజశ్రీ హెడ్‌నోట్ గారి సముఖానికి,

హనుమకొండలో న్యాయశాస్త్రం చదువుతున్న మా అందరి తరఫున నమస్కరించి రాసుకునే విన్నపం ఏమంటే, తీర్పు నెత్తిన దాని సారాంశంగా మీరు కొలువుదీరి ఉన్నంత కాలం మాకు తీర్పుతో పని లేదు. మిమ్మల్ని రాసేది న్యాయమూర్తి కాదనీ, తీర్పులను అచ్చువేసే లా రిపోర్టు సంపాదకుడనీ, మీరు తీర్పులో భాగమే కారనీ మా అధ్యాపకులు మొదట్లోనే చెప్పారు. ఆ మాట నోట్సులో రాసుకున్నాం. పరీక్షలో వస్తే రాస్తాం కూడా.

మీ సాహసానికి జోహార్లు. రాజ్యాంగాన్ని పార్లమెంటు ఎంతవరకు సవరించవచ్చో తేల్చిన 1973 నాటి కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు 11 తీర్పులు రాశారు. 7–6 తేడాతో తేలిన ఆ వ్యవహారంలో మెజారిటీ అభిప్రాయం ఫలానా అని చివర ఒక సారాంశం తయారు చేస్తే, దానిమీద 9 మందే సంతకం పెట్టారు, నలుగురు పెట్టలేదు. ధర్మాసనం మీద కూర్చున్నవారికే కుదరని సారాంశం మీకు కుదిరింది. అదే మా దగ్గరకు వచ్చేసరికి 'మౌలిక స్వరూపం' అన్న రెండు మాటలుగా మిగిలి, అదాలత్ సెంటర్‌లో తీయించిన జిరాక్స్ మీద పసుపు హైలైటర్ కింద మెరుస్తోంది. లోపలి పేజీలు ఇంకా ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి.

మీరు లేని చోట మా పాట్లు చెప్పనలవి కాదు. తీర్పులు దొరికే ఇండియన్ కానూన్ వెబ్‌సైట్‌లో నాలుగు మాటలు కొట్టి వెతికితే, ఆ మాటలున్న వాక్యం వెంటనే కళ్ల ముందుకు వస్తుంది. అది ఓడిపోయిన పక్షం న్యాయవాది చేసిన వాదన అనీ, న్యాయమూర్తి దానిని ఎత్తి రాసింది తోసిపుచ్చడానికేననీ తెలియాలంటే తరువాతి పేజీలు చదవాలి. అంత ఓపిక ఎవరికుంది? మొన్న కాలేజీలో జరిగిన మూట్ కోర్టులో, అంటే నమూనా కోర్టులో, మా సహాధ్యాయి ఒకరు అటువంటి వాక్యాన్నే సుప్రీంకోర్టు తీర్పుగా గంభీరంగా వినిపించారు. జడ్జిగా కూర్చున్న సీనియర్ న్యాయవాది "అది ఏ పేరాలో ఉంది బాబూ?" అని అడిగితే, "వెతకగానే పైనే కనిపిస్తుంది సార్" అన్నారు. కావలసినదంతా పైనే ఉంటుందన్న ఆ నమ్మకం మీరు పెట్టిన భిక్షే.

వయసు మీద పడినా మాట మార్చకపోవడం మీలోని మరో సుగుణం. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చి, హత్యకు శిక్ష 103వ సెక్షన్‌కు మారినా, మీ పాత ప్రతులు ఐపీసీ నాటి 302నే పట్టుకుని కూర్చున్నాయి. కొత్త సంహితలో 302 మతభావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరిచే మాటలకు సంబంధించినది. మిమ్మల్ని నమ్ముకున్న వకీలు చేతిలో హంతకుడు నోటి దురుసు మనిషిగా తేలిపోగలడు.

మీకు పోటీగా చాట్‌బాట్ అనే కొత్త దొర దిగాడు. మీ కింద తీర్పయినా ఉంటుంది, అతనికి అదీ అక్కర్లేదు. 2023లో న్యూయార్క్ న్యాయవాదులు అతను పుట్టించిన కేసులను కోర్టు ముందుంచి 5,000 డాలర్ల జరిమానా కట్టవలసి వచ్చింది.

కాబట్టి ఈ సెమిస్టర్ ఫలితాలు వచ్చే దాకా, మీ కింద ఒక తీర్పు ఉన్నదన్న సంగతి మా పేపర్లు దిద్దేవారికి గుర్తు రానీయవద్దని మనవి.

ఇట్లు,
తమ విధేయులు