ముందు పెద్ద బ్రేకులు వేస్తే చాలా?

పాత స్పోర్ట్స్ కారు బ్రేకులు మార్చాలనుకునే వాళ్లందరికీ ఎక్కడో ఒకచోట ఈ సలహా తగులుతుంది: "బ్రేకింగ్‌లో 70 శాతం ముందు చక్రాలదే. ముందు పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల కాలిపర్లు వేసెయ్, కారు ఠక్కున ఆగుతుంది. వెనకవి ముట్టుకోకు. తేడా వస్తే వెనక లైనులో ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టుకో." (కాలిపర్ అంటే పిస్టన్లతో బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం. ప్రపోర్షనింగ్ వాల్వ్ వెనక బ్రేకులకు వెళ్లే ప్రెషర్‌ను తగ్గించేది.) ఈ సలహాలో ప్రతి ముక్కలోనూ కాస్త నిజం ఉంది. ఆ కాస్తతోనే చిక్కు.

మొదట ఆ 70 శాతం సంగతి. అది స్థిరమైన అంకె కాదు. 1200 కిలోల కారు అనుకుందాం. నిలబడి ఉన్నప్పుడు బరువు ముందు 55, వెనక 45 శాతం. వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2.4 మీటర్లు, గరిమనాభి ఎత్తు అర మీటరు. పొడి రోడ్డు మీద 0.9 జీతో (జీ అంటే వేగం తగ్గే తీవ్రతను భూమి ఆకర్షణతో పోల్చే కొలత) బ్రేకు వేస్తే 225 కిలోలు ముందుకు వాలుతుంది, వాటా దాదాపు 74:26 అవుతుంది. తడి రోడ్డు మీద 0.4 జీ మించి రాకపోతే వాలేది 100 కిలోలే, వాటా 63:37. అంటే తడిలో వెనక చక్రాలకు పని ఎక్కువ. సరిగ్గా అప్పుడే వాటిని లెక్కలోంచి తీసేయమంటోంది ఈ సలహా.

"పెద్ద బ్రేకు వేస్తే తక్కువ దూరంలో ఆగుతుంది." ఇది మరీ పెద్ద పొరపాటు. కారును ఆపేది చివరికి టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న గ్రిప్. పాత బ్రేకులే చక్రాన్ని లాక్ చేయగలుగుతున్నాయంటే, అంటే తిరగకుండా బిగించేయగలుగుతున్నాయంటే, ఒక్కసారి ఆగడానికి వాటి బలం చాలు. పైగా దూరం పెరగవచ్చు కూడా. పై కారుకే టైరు గ్రిప్ 0.9 (టైరు మీద పడే బరువుకు 0.9 రెట్లు) అనుకుని, బ్రేకు బలం ముందు 75, వెనక 25 గా పంచి లెక్క వేశాను. ముందు చక్రాలు లాక్ అయ్యే ముందు 0.88 జీ వస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి 45 మీటర్లు. ఇప్పుడు ముందు బ్రేకు బలం మాత్రమే 30 శాతం పెంచండి. వాటా 80:20కి చేరుతుంది, ముందు చక్రాలు 0.81 జీ దగ్గరే లాక్ అవుతాయి, దూరం 48 మీటర్లు దాటుతుంది. వెనక టైర్లలో ఇంకా గ్రిప్ మిగిలే ఉంటుంది, వాడుకునే దారే ఉండదు. ఖర్చు పెట్టి మూడు మీటర్లు పోగొట్టుకున్నట్టు! పెడల్ మీద కాలు పెట్టగానే పట్టేస్తుంది కాబట్టి బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయనిపిస్తుంది, అది వేరే సంగతి.

నాలుగు పిస్టన్లంటే నాలుగు రెట్ల బలం అనుకునేవాళ్లూ ఉన్నారు. ఒక వైపే పిస్టన్ ఉండి పక్కకు జరిగే ఫ్లోటింగ్ కాలిపర్‌లోని ఒక్క పిస్టన్‌ను, రెండు వైపులా పిస్టన్లుండి కదలని ఫిక్స్‌డ్ కాలిపర్‌లో ఒక వైపు ఉన్న పిస్టన్లతో పోల్చాలి. 54 మిల్లీమీటర్ల పిస్టన్ ఒకటి, 38 మిల్లీమీటర్లవి రెండు: వైశాల్యం దాదాపు సమానం. కొనేముందు చూడాల్సింది ఈ వైశాల్యం, డిస్క్ పని చేసే వ్యాసార్థం, ప్యాడ్ ఘర్షణ. కాలిపర్ మీది రంగు కాదు.

ఇక వాల్వ్. అది వెనక ప్రెషర్‌ను తగ్గించగలదే తప్ప పెంచలేదు. ముందు బ్రేకులు ఎక్కువైపోయిన కారులో వెనక లైనుకు దాన్ని బిగిస్తే మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే. వెనక బ్రేకులు కూడా పెంచి, వెనక చక్రాలే ముందుగా లాక్ అవుతున్నప్పుడు దానికి పని ఉంటుంది. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ప్రెషర్ పుట్టించే భాగం) మార్చినా ముందు, వెనక బ్రేకుల వాటా మారదు. ముందు, వెనక సర్క్యూట్లకు ఒకే బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) ఉంటే ప్రెషర్ రెండింటికీ కలిసే మారుతుంది, పెడల్ ప్రయాణం మారుతుంది, అంతే.

అలాగని వెనక కూడా అంతే పెద్దవి వేసేయమని కాదు. ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగ్ పనిచేయదు, కారు తిన్నగా పోతుంది. వెనకవి ముందుగా లాక్ అయితే కారు గిర్రున తిరుగుతుంది. అందుకే ఐక్యరాజ్యసమితి ఆర్13హెచ్ నిబంధన ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసే వ్యవస్థ) లేని కార్ల విషయంలో తయారీదారులకు 0.15 నుంచి 0.8 జీ వరకు వెనక ఇరుసు గ్రిప్ వాడకం ముందు ఇరుసు వాడకాన్ని మించకూడదని చెబుతుంది. వెనక ఇరుసుకు బరువును బట్టి ప్రెషర్ మార్చే వాల్వ్ ఉన్న పాత కార్లలో ఇంకో ముప్పు ఉంది. కారు ఎత్తు తగ్గిస్తే, ఆ వాల్వ్ వెనక సీటు నిండా మనుషులున్నారనుకుని వెనకకు ఎక్కువ ప్రెషర్ పంపుతుంది. దాన్ని మళ్లీ సెట్ చేయకపోతే ఖాళీ కారులో వెనక చక్రాలు లాక్ అవుతాయి.

పెద్ద డిస్కులు దండగని నేననను. గంటకు 160 నుంచి పదే పదే ఆపే ట్రాక్ మీద వేడి తట్టుకోవడానికి అవి కావాలి. రోడ్డు మీద తిరిగే కారుకు మాత్రం మొదట మంచి టైర్లు, మంచి ప్యాడ్లు, తాజా బ్రేకు ఆయిల్ చూడాలి. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీరు పీల్చుకున్నాక ఆ కనీసం 155కి పడిపోతుంది.

ఏం మార్చినా చివర్లో మనుషులు, వాహనాలు లేని విశాలమైన ఖాళీ స్థలంలో పరీక్షించాలి. ఏబీఎస్ లేని కారైతే తక్కువ వేగంతో మొదలుపెట్టి బ్రేకు కొంచెం కొంచెంగా గట్టిగా తొక్కుతూ, ముందుగా ఏ చక్రాలు ఆగుతున్నాయో దూరం నుంచి ఒకరు చూడాలి. ముందువి ఒక్క పిసరు ముందుగా లాక్ అవ్వాలి. పొడిలో బాగుందని వదిలేయకుండా నేల తడిపి మళ్లీ చూడాలి.