స్తంభానికి రెండు కోటింగులు

గోదావరి డెల్టాలో రాయి పుట్టదు. ధవళేశ్వరం దాటి దిగువకు వచ్చాక ఎంత తవ్వినా ఒండ్రుమట్టి, ఇసుక, నీళ్లు తప్ప మరొకటి తగలదు. కుక్క కనబడితే రాయి కనబడదన్న సామెత ఇక్కడ అక్షరాలా భూగర్భశాస్త్రం. అటువంటి నేలమీద ద్రాక్షారామంలోను, దగ్గరలోని సామర్లకోటలోను తూర్పు చాళుక్యులు వెయ్యేళ్ల కిందటే రెండేసి అంతస్తుల రాతిగుళ్లు లేపారంటే, ఆ రాతిని ఎక్కడినుంచో శ్రమపడి మోయించి తెచ్చారన్నమాట. అంత కష్టపడి తెచ్చిన రాయిని ఊరికే వదలడానికి వారికి మనసొప్పలేదు కాబోలు, ఆ తరువాతి తరాలవారు ద్రాక్షారామ భీమేశ్వరాలయం గోడలమీద, స్తంభాలమీద వందలాది శాసనాలు చెక్కించారు. ఇన్ని చేసినవారు ఒక్కటి మాత్రం మరిచిపోయారు: వాటికి రంగు వేయించలేదు.

ఆ లోటును మన తరం పూడుస్తోంది. డెల్టాలోని ఒక పాత శివాలయానికి ఇటీవల వెళితే (ఊరి పేరు చెప్పను, చెబితే చుట్టుపక్కల ఊళ్లవారు తమ గుడిని ఎందుకు వదిలేశానని నొచ్చుకుంటారు) ముఖమండపంలోని నాలుగు పలకల స్తంభం ఒకటి నిగనిగలాడుతూ ఎదురైంది. నిలువెల్లా పసుపుపచ్చని ఎనామిల్ పెయింటు, దానిమీద ఎర్రటి అక్షరాలతో “చెప్పులు ఇక్కడ విడువరాదు” అన్న ఆజ్ఞ. సాయంకాలపు ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు పరకాయించి చూస్తే, ఆ ఆజ్ఞ అడుగున గుండ్రని పాత తెలుగు అక్షరాల వరుసలు సగం పూడిపోయి కనిపించాయి. చెప్పులు మాత్రం ఆ స్తంభం మొదట్లోనే గుట్టగా ఉన్నాయి.

ఇంతటి నిర్ణయం ఎలా జరిగి ఉంటుందో ఊహించడానికి పరిశోధన అక్కరలేదు. కార్తీకమాసానికి నెల ముందు ఆ మండపంలోనే ఉత్సవ కమిటీ సమావేశమై ఉంటుంది. “పంచారామాల బస్సులు మన రోడ్డు మీదుగానే పోతాయి కదండీ, ఒక్కటైనా ఆగాలంటే గుడి కాస్త కళగా ఉండాలండీ” అని కార్యదర్శి ప్రతిపాదించగా, “ఆయ్, నిజమేనండీ” అని సభ ఏకగ్రీవంగా ఆమోదించి ఉంటుంది. రంగు దగ్గరకు వచ్చేసరికి సభ రెండుగా చీలుతుంది. గులాబీ రంగును పక్క ఊరి రామాలయం ముందే కొట్టేసింది కనుక మనకు పరువు తక్కువని ఒక వర్గం, ఆకుపచ్చ వేస్తే పంచాయతీ ఆఫీసులా ఉంటుందని మరొక వర్గం వాదించుకున్న మీదట, కిందటి ఏడాది మిగిలిన డబ్బాలు ఉన్నాయన్న కారణంగా పసుపు నెగ్గుతుంది. అప్పుడు ఒక కుర్రవాడు, “స్తంభం మీద ఏవో అక్షరాలు ఉన్నాయి కదా బాబాయ్” అని సందేహం లేవదీస్తాడు. “అక్షరాలు కావురా, కోడి కెలికినట్టు ఏవో గీతలు” అని బాబాయి కొట్టిపారేస్తాడు. కాదు, అవి నిధి గుర్తులని, తన తాత చెప్పేవాడని ఒక పెద్దమనిషి గొంతు తగ్గించి చెబుతాడు. నిధి మాట వినగానే అందరూ ఒకసారి ఆ స్తంభం వైపు భక్తిగా చూస్తారు. “మరైతే పెయింటు కొట్టేస్తే దొంగలకు కనబడదు కదండీ” అని కోశాధికారి తేల్చేస్తాడు. ఆ విధంగా భద్రతా కారణాల రీత్యా రెండు కోటింగులు మంజూరవుతాయి. మూడు పలకలు దాతల పేర్లకు, నాలుగోది చెప్పులకు కేటాయిస్తారు. చెక్కిన శిల్పి పేరు ఎవరికీ తెలియని ఆ స్తంభం మీద పెయింటరు తన ఫోన్ నంబరు కూడా వేసుకున్నాడు. ఇది ఊహ కాదు, చూశాను.

దర్శనానికి వచ్చేవారికి ఇది ఎంతో నచ్చుతోంది. “ఇది ఏనాటి గుడి నాన్నా?” అని ఒక పాప అడిగితే, “బాగా పాతదేనమ్మా, కానీ కొత్తదానిలా మెయింటెయిన్ చేస్తున్నారు” అని ఆ తండ్రి మెచ్చుకోలుగా జవాబిచ్చి, పసుపు స్తంభానికి ఆనుకుని సెల్ఫీ దిగాడు.

దాతలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆనాటి దాతలు కూడా పేర్లు రాయించుకున్నవారే. గుడిలో అఖండదీపం వెలగాలని ఆవులనో గొర్రెలనో దానమిచ్చి, ఆ మందను పెంచుకునే కాపరి దీపానికి నెయ్యి పోస్తూ ఉండాలని రాతిమీద ఒడంబడిక రాయించేవారు. ఈనాటి దాత సీలింగు ఫ్యాను ఇచ్చి, దాని రెక్కలమీద తన తల్లిదండ్రుల పేర్లు రాయిస్తాడు. ఈ శాసనం కరెంటు పోయినప్పుడు మాత్రమే చదవడానికి వీలుగా ఉంటుంది.

శాసనాలు రాయించినవారు అపహర్తలను ఊహించకపోలేదు. తానిచ్చినదైనా ఇతరులిచ్చినదైనా దానభూమిని కాజేసినవాడు అరవైవేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని చివర ఒక శ్లోకం చెక్కించేవారు. మన ప్రభుత్వం దయగలది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేసినవారికి రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అదైనా కేంద్ర పురావస్తు శాఖవారి నీలిరంగు బోర్డు ఉన్న గుళ్లకే వర్తిస్తుంది. ఈ గుడికి ఆ బోర్డు లేదు కనుక కమిటీవారికి ఆ రెండేళ్ల భయమూ లేదు. అరవైవేల ఏళ్ల శిక్ష సంగతంటారా, ఆ శ్లోకం ఉండే చోటి మీద కూడా రెండు కోటింగులు పడ్డాయి కనుక అదీ చెల్లదన్న ధీమా కావచ్చు.

నవ్వింది చాలు. శాసనానికి నకలు తీసేవారు తడి కాగితాన్ని రాతిమీద పరిచి, బ్రష్షుతో కొట్టి అక్షరాల పల్లంలోకి దింపి, పైన సిరా అద్దుతారు. ఆ పల్లాన్నే పెయింటుతో పూడ్చేస్తే కాగితం ఎక్కడికి దిగాలి? వెనకటి సున్నమైతే ఓపికగా గీకితే ఊడేది. ఎనామిల్ రాతి రంధ్రాలను మూసేస్తుంది. మన డెల్టాలో రాయి నేలలోని తడిని, దానితోపాటు ఉప్పును పైకి పీలుస్తూనే ఉంటుంది. ఆ తడి ఆరే దారి లేకపోతే ఉప్పు పెయింటు వెనకాల పేరుకుపోయి రాతి పైపొరను పెచ్చులుగా ఊడగొడుతుంది. ఊడిన ప్రతి పెచ్చుతోనూ ఒక మనిషి పేరు పోతుంది. ఏ కాపరి ఏ దీపానికి నెయ్యి పోశాడో, ఏ ఆడమనిషి తన సొమ్ములో ఏమిచ్చిందో, ఆ ఊరికి అప్పట్లో ఏ పేరు ఉండేదో ఇంకెక్కడా రాసిలేదయ్యా! తాటాకులన్నీ వరదలకు, చెదలకు ఎప్పుడో పోయాయి. మిగిలినది ఆ ఒక్క రాయి, దానిమీద చెప్పుల గురించి రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి? గేటుకు ఒక రేకు ముక్క తగిలించి రాసుకుంటే ఎవరు వద్దన్నారు? ప్రారంభోత్సవానికి వచ్చి, కొబ్బరికాయ కొట్టి, శాలువా కప్పించుకుని వెళ్లిన ఆఫీసరుగారికి కళ్లు లేవా?

ఎవరికి మొరపెట్టుకోవాలో తెలియదు. బిక్కవోలు వినాయకుడి చెవిలో చెప్పుకుంటే పని అవుతుందంటారు గాని, అక్కడ వీసాలవారి వరుసే చాలా పొడవుగా ఉంటుంది. ఈలోగా స్తంభం మొదట్లో పెయింటు అప్పుడే పొరలు లేస్తోంది. వచ్చే కార్తీకానికి ఇసుకను గాలితో చిమ్మే మిషను తెప్పించి, స్తంభాన్ని నాలుగువైపులా నున్నగా గీకించి, పదేళ్ల గ్యారంటీ ఉన్న రంగు వేయిస్తారట. కొటేషన్లు కూడా పిలిచారు.