సవరణ: రోజూ రైలెక్కేవాళ్లు వలసదారులు కారు

మొన్న నేను పెట్టిన పోస్టులో, పొద్దున్నే గుంటూరులో రైలెక్కి విజయవాడ వచ్చి పనిచేసి రాత్రికి ఇంటికెళ్లేవాళ్లను కూడా వలసదారుల్లో కలిపేశాను. అది తప్పు. కాపురం మారితేనే వలస. క్యారేజీ పట్టుకుని వచ్చి సాయంత్రం ఖాళీ గిన్నెతో వెనక్కి వెళ్తే అది రాకపోకలే, రైల్లో రోజుకి రెండు గంటలు నిలబడినా సరే.

ఇంకోటి, వలసంటే కూలి పనికే అన్నట్టు రాశాను. 2011 జనగణనలో అంతకుముందున్న నివాసం లెక్కన, అంటే ఇంతకుముందు వేరే ఊళ్లో ఉండి వచ్చినవాళ్లను లెక్కేస్తే, మన దేశంలో వలసదారులు దాదాపు 45 కోట్లు, అందులో ఆడవాళ్లే ఎక్కువ, అన్నిటికంటే పెద్ద కారణం పెళ్లి. తెనాలి నుంచి బెజవాడకి కాపురానికొచ్చిన మా వదిన కూడా ఆ లెక్కలో వలసదారే (చెప్తే నవ్వింది).

పుట్టిన ఊరు లెక్కన చూస్తే ఇంకా తమాషా. వదిన పురిటికి పుట్టింటికెళ్లింది, పిల్లాడు తెనాలిలో పుట్టాడు, మూడో నెలలో ఇక్కడికి తెచ్చారు, వాడూ వలసదారే. 2011లో వలస కారణాల్లో 'పుట్టాక తరలివచ్చినవారు' అని విడిగా ఓ గడే ఉంది.

పాత పోస్టులో ఆ రెండు పేరాలు తీసేశాను.