పెరగని వాట్లు

టైమ్ ట్రయల్‌లో మోసానికి చోటు లేదంటారు. నిమిషానికి ఒకరి చొప్పున వదులుతారు. ఇంకొకరి వెనక నక్కి గాలి తప్పించుకోవడం నిషేధం. నువ్వు, నీ సైకిలు, గడియారం, అంతే. అందుకే సైకిలు లోకంలో దీన్ని ‘నిజాల పందెం’ అంటారు. ఆ నిజాల పందెంలో 37 నిమిషాల 48 సెకన్ల పాటు నన్ను నేనే ఎలా మోసం చేసుకున్నానో చెబుతాను.

నాది 20 కిలోమీటర్ల పందెం. పది పోవడం, పది రావడం. అప్పటికి నా మంచి టైము 36 నిమిషాల 10 సెకన్లు. 47 ఏళ్ళ వయసులో 36 లోపు రావాలని పట్టుదల పుట్టింది. బయటివాళ్ళకి ఇది పది సెకన్ల గొడవే. కానీ గాలి దగ్గర వేగం కొనుక్కోవడమంటే చక్రవడ్డీకి అప్పు తేవడమే. గాలి ఎదురుబలం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని నెట్టడానికి కాళ్ళు పెట్టాల్సిన శక్తి ఘనంతో పెరుగుతుంది. వేగం పదో వంతు పెరగాలంటే గాలికి కట్టే సుంకం మూడో వంతు పెరుగుతుందన్నమాట.

పైగా నాకు పాత జబ్బు ఒకటుంది: ఆరంభశూరత్వం. మొదటి మూడు కిలోమీటర్లలో నన్ను చూసినవాళ్ళు ‘ఎవరండీ ఈయన!’ అనేవారు. చివరి మూడు కిలోమీటర్లలో చూసినవాళ్ళు మంచినీళ్ళు కావాలా అని అడిగేవారు. ఈ జబ్బుకి మందు పేసింగ్, అంటే ఉన్న శక్తిని చివరిదాకా సరిపోయేలా పంచి వాడుకోవడం అని తెలిసి, ఇంట్లో ఎవరికీ ధర చెప్పకుండా పవర్ మీటర్ కొన్నాను. కాలు ఎంత శక్తి పెడుతోందో అది అప్పటికప్పుడు వాట్లలో చెబుతుంది. వేగాన్ని నమ్మకూడదు, వెనకగాలి వీస్తే సోమరి కూడా వీరుడే. గుండె వేగాన్ని మొదట్లో అసలు నమ్మకూడదు, కాళ్ళు కష్టపడుతున్న సంగతి గుండెకి నిమిషం గడిచాక గానీ పూర్తిగా అందదు. నమ్మాల్సింది వాట్లనే. ఇదంతా కంఠతా పట్టి, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ పిల్ల పాపం విన్నది.

ప్లాన్ చీటీ మీద రాసి హ్యాండిల్‌కి అంటించాను. మొదటి అయిదు నిమిషాలు 190 వాట్లు, తర్వాత 200. ఎదురుగాలిలో 210, వెనకగాలిలో కాస్త తగ్గించాలి. ఇందులో మర్మం ఉంది. పోయేటప్పుడు గంటకి 40, వచ్చేటప్పుడు 30 వేగంతో తొక్కితే సగటు 35 అనుకుంటాం. కాదు, 34.3. నెమ్మదిగా సాగే ముక్కలోనే ఎక్కువసేపు ఉంటాం కాబట్టి, అక్కడ పెట్టిన శక్తికే లాభం ఎక్కువ. ఈ లెక్క అర్థమైన రోజున నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు రోజు రాత్రి చివరి సన్నాహం చేశాను. సైకిల్ కంప్యూటర్ స్క్రీన్ మీద ఏడు గళ్ళు, ఏడు అంకెలు ఉండేవి. నా చత్వారానికి అవన్నీ చీమల బారే. హెల్మెట్‌కి ముందు అద్దం ఉంటుంది కాబట్టి కళ్ళజోడు కుదరదు. అందుకని ఆరు గళ్ళు తీసేసి, స్క్రీన్ నిండా ఒక్కటే అంకె వచ్చేలా మార్చాను. కళ్ళజోడు పక్క గదిలో ఉంది. లేచి వెళ్ళడానికి బద్ధకించి, మెనూలో పైనుంచి రెండోది నొక్కేశాను. ఈ మార్పు చేసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

పొద్దున్నే అరగంట ముందు చేరుకున్నాను. 1989లో ఫ్రాన్స్ చుట్టూ రోజుల తరబడి సాగే టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలో, ముందటి ఏడాది విజేత పెద్రో దెల్గాదో మొదటి రోజు టైమ్ ట్రయల్‌కే 2 నిమిషాల 40 సెకన్లు ఆలస్యంగా వచ్చాడు. గడియారం ఆయన కోసం ఆగలేదు. అంతటివాడికే ఆ గతి పట్టినప్పుడు మనమెంత అని నా భయం. నా తర్వాతి నంబరు ఒక పెద్దాయనది. తెల్ల మీసాలు, మా అమ్మాయి కంటే వయసులో పెద్దదైన ఇనుప సైకిలు. దానికి అంకెలు చూపించే వస్తువు ఒక్కటీ లేదు. నాకు జాలేసింది.

నా వంతు వచ్చింది. ఒకాయన సీటు పట్టుకుని నిలబెట్టాడు. కాళ్ళు రెండూ పెడళ్ళకి బిగించుకున్నాను. స్క్రీన్ మీద 104. మీటరు మేలుకునే ఉందని తృప్తిపడ్డాను. అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి... వెళ్ళు!

లేచి నాలుగు తొక్కులు తొక్కి, కూర్చుని, గాలికి తక్కువ అడ్డొచ్చేలా ముందుకి వంగి, మోచేతులు అందుకోసమే ఉండే ఏరో బార్ల మీద ఆనించి చూశాను. 112. ఆశ్చర్యపోయాను. 190 ఎక్కడ, 112 ఎక్కడ? రాత్రి సరిగా నిద్రపోలేదు కదా, కాళ్ళు బద్ధకిస్తున్నాయని గేరు మార్చి తొక్కాను. 127. ఇంకా తొక్కాను. 141. పళ్ళు బిగించాను. 158. చీటీ మీద ‘190’ అని నా చేతిరాతే నన్ను వెక్కిరిస్తోంది. మూడో కిలోమీటరులో నా ముందు బయల్దేరిన కుర్రాణ్ణి దాటేశాను. దాటుతూ స్క్రీన్ చూస్తే 171. ఇంత తక్కువ వాట్లతో మనిషిని దాటానంటే నా ఏరో పొజిషన్ ఎంత అద్భుతమో అనుకున్నాను. కొత్త హెల్మెట్ డబ్బులు అక్కడికక్కడే వసూలైపోయినట్టనిపించింది.

అయిదో కిలోమీటరు దగ్గర 178. అక్కడ ఆగిపోయింది. ఎంత తొక్కినా 179, 180, మళ్ళీ 179. పశువుల సంతలో బేరగాడిలా ఒక్కొక్కటే పెరుగుతోంది. తొడల్లో మంట, నోట్లో ఇనుము రుచి. అయినా 200 రాదే!

మలుపు ముందు చిన్న దిగుడు ఉంది. కాళ్ళు ఆపి ఊపిరి తీసుకున్నాను. సైకిలు తనంతట తానే దొర్లుతోంది. స్క్రీన్ చూశాను. 181. కాళ్ళు ఆపినా 181! మామూలు మనిషికైతే ఇక్కడ అనుమానం రావాలి. నాకు గర్వం వచ్చింది.

తిరుగు దారిలో ఎదురుగాలి. దాని కోసం దాచుకోవాల్సినదంతా ఎప్పుడో ఖర్చయిపోయింది. 12వ కిలోమీటరుకి కాళ్ళు నా మాట వినడం మానేశాయి. 14కి గేర్లు ఒక్కొక్కటే తేలిక చేసుకుంటూ పోయాను. అంత నీరసంలోనూ ఒక ధైర్యం మాత్రం ఉంది: అంకె పడిపోవడం లేదు. ఇంచుమించు నడక వేగంతో (అప్పుడు నాకలా అనిపించింది) పోతున్నా 177 చూపిస్తోంది. మనిషి ఓడిపోయినా వాట్లు నిలబడ్డాయి, గాలిదే తప్పు అని నిర్ధారించుకున్నాను. దాటి వచ్చిన కుర్రాడు నన్ను మళ్ళీ దాటాడు. కాసేపటికి వెనకనుంచి చైన్ చప్పుడు, ఆపైన ఆప్యాయంగా ఒక గొంతు వినిపించాయి.

“ఏం బాబూ, పంక్చరా?”

తెల్ల మీసాలాయన. కాదండీ అని చెప్పడానికి కూడా ఊపిరి చాలలేదు. ఆయన వెనక చేరి గాలి తప్పించుకోవాలన్న దుర్బుద్ధి ఒక్క క్షణం పుట్టింది. రూలు ఒప్పుకోదు. ఒప్పుకున్నా నేను అందుకోగలిగితే కదా, అప్పటికే ఆయన వీపు చిన్నదైపోయింది.

గీత దాటి సైకిలు మీదనుంచి దిగలేదు, జారాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, దొరికినవాళ్ళకల్లా పవర్ మీటర్ గురించి చెప్పుకొచ్చాను. పనికిమాలిన సరుకు, సగానికి సగం తక్కువ చూపిస్తోంది, రేపే వాపసు పంపిస్తాను అన్నాను. ఇద్దరు ముగ్గురు సానుభూతి కూడా చూపించారు. తెల్ల మీసాలాయన చెమట తుడుచుకుంటూ అంతా విన్నాడు.

మా అమ్మాయి కంప్యూటర్ చేతిలోకి తీసుకుని చూసింది.

“నాన్నా, ఈ అంకె పక్కన గుండె బొమ్మ ఉందేంటి?”

“ఏ బొమ్మ?”

“గుండె. ఎర్రగా, కొట్టుకుంటోంది కూడా.”

చుట్టూ నిశ్శబ్దం. మొదట నవ్వింది తెల్ల మీసాలాయనే అని నా అనుమానం.

సాయంత్రం కళ్ళజోడు పెట్టుకుని రికార్డయిన ఫైలు చూశాను. పవర్ మీటర్ మహానుభావురాలు పొల్లుపోకుండా అంతా రాసిపెట్టింది, నేనే చూడలేదు. మొదటి అయిదు నిమిషాలు సగటున 262 వాట్లు. చివరి పది నిమిషాలు 138. గుండెకి కబురు ఆలస్యంగా అందుతుందని నేనే ఉపన్యాసం ఇచ్చి, ఆ అందని కబురు కోసమే నన్ను నేను కొరడాతో కొట్టుకున్నాను. 1989 టూర్ చివరి రోజున గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి టైమ్ ట్రయల్ మొదలుపెట్టి, మొత్తం టూర్‌ని 8 సెకన్ల తేడాతో లోరాన్ ఫిన్యోన్ చేతిలోంచి లాక్కున్నాడు. దారిలో తనకి ఏ టైమూ చెప్పొద్దని ముందే చెప్పేశాడాయన. ఈ సంగతి మా అమ్మాయికి చెబితే, “నీకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే నాన్నా” అంది.

“అయినా నాన్నా, నిలబడి ఉన్నప్పుడే 104 ఉందన్నావు కదా. తొక్కకుండా వాట్లు ఎలా వస్తాయి?”

చదువు విషయంలో ఆ పిల్లకి ఇంత చురుకుదనం ఎప్పుడూ చూడలేదు.

తర్వాతి ట్రయల్‌కి మెనూ తనే మార్చి పెట్టింది. బయల్దేరే గీత దగ్గర నిలబడ్డాను. సీటు పట్టుకునే ఆయన పట్టుకున్నాడు. వెనక వరసలో మళ్ళీ ఆ ఇనుప సైకిలే. ముప్ఫై సెకన్లు ఉందనగా ఆయన మెడ సాచి అడిగాడు.

“బాబూ, గుండె ఇవాళ ఎన్ని వాట్లుంది?”

వరస మొత్తం నవ్వింది. నేను తల వంచి స్క్రీన్ వైపు చూశాను. గుండె దడదడలాడుతోంది, కాళ్ళు కదలడం లేదు.

“సున్నా అండీ,” అన్నాను గర్వంగా.