ఫోన్ ఉంటే రేడియో ఎందుకు?
ప్రైవేటు ఎఫ్‌ఎమ్‌లు, ఫోన్లు ఉండగా ఆకాశవాణికి ప్రజల సొమ్ము దండగన్న మాట ఒప్పుకోలేను. విశాఖ ఆకాశవాణి మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్. ఆ తరంగాలు నేలను, అంతకంటే బాగా ఉప్పునీటిని అంటిపెట్టుకుని ప్రయాణిస్తాయి. పడవ మీదున్న చిన్న ట్రాన్సిస్టర్‌కి కూడా అందుతాయి. ఎఫ్‌ఎమ్ అలా కాదు, టవర్ కనుచూపు దాటితే బలహీనపడుతుంది, మన కొండలు అడ్డొస్తే అసలే పోతుంది. పైగా ప్రైవేటు ఎఫ్‌ఎమ్‌లకు సొంత వార్తలు చదివే అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్‌ని మార్చకుండా ప్రసారం చేసుకోవచ్చు, అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కరెంటు, సెల్ టవర్లు ఒకేసారి పోయాయి. పెన్సిల్ బ్యాటరీల రేడియోకి ఆ రెండూ అక్కర్లేదు.

అయితే ఆకాశవాణికి కేంద్రం గ్రాంటు ఇస్తే చాలదు, ఎక్కడికి పోతోందో చూడాలి. ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి సిబ్బంది జీతాలకు కేంద్రం ఇస్తుంది, కార్యక్రమాల ఖర్చు ఎక్కువగా సొంత ఆదాయంలోంచి రావాలి. ప్రకటనలు తగ్గిన ఏడాది మొదట కత్తెర పడేది నాటకానికీ జానపదానికీ, అంటే ప్రకటనదారుడు ఎప్పుడూ కొననివాటికే. ఆ ఖాళీ పాత రికార్డింగులతో నిండుతుంది. మాస్ట్, అంటే తరంగాలు పంపే ఎత్తైన స్తంభం, దాని నిర్వహణ సంగతీ అంతే: దాని కింద భూమిలో పాతిన రాగి తీగలు ఉప్పుగాలికి తుప్పుపట్టినా, దొంగలు తవ్వుకుపోయినా ట్రాన్స్‌మిటర్ శక్తిలో కొంత మట్టిని వేడి చేయడానికే పోతుంది, మీటర్ మీద అవుట్‌పుట్ మామూలుగానే కనిపించవచ్చు. అందుకే స్థానిక కళాకారుల పారితోషికానికీ, ఈ నిర్వహణకూ వేరే పద్దు పెట్టి, దాన్ని జీతాల కిందకి మళ్లించకుండా కట్టడి చేయాలి. గ్రాంటు పెంచాలనేవాళ్లు ముందు అడగాల్సింది ఇది.