మూడో తరగతికి అడ్వెర్బ్ నిర్వచనమా?

ఓ తండ్రి మాకు పంపిన ప్రశ్నపత్రం ఇది. మూడో తరగతి, ఇంగ్లిష్. ‘అడ్వెర్బ్‌ను నిర్వచించి, నాలుగు రకాలను ఉదాహరణలతో రాయుము’. నాలుగు మార్కులు. అడ్వెర్బ్ అంటే పని ఎలా, ఎప్పుడు, ఎక్కడ జరిగిందో చెప్పే మాట, మన క్రియావిశేషణం. ఎనిమిదేళ్ల పాప నిర్వచనం మొత్తం అప్పజెప్పినట్టే రాసింది. ‘మాడిఫైస్’ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం పోయిందని అర మార్కు కోశారు. మాడిఫై అంటే ఏంటమ్మా అని తండ్రి అడిగితే, ‘అది మిస్ చెప్పలేదు’ అందట. బడి పేరు అనవసరం. ఆ పేరు కొట్టేసి మరో పది పేర్లు రాసినా పేపర్ ఇలాగే ఉంటుంది.

మా కోపం పాపం ఆ అడ్వెర్బ్ మీద కాదు. చెప్పేదొకటి, చేసేదొకటి అయిన మన చదువుల మీద. 2020 జాతీయ విద్యావిధానం బట్టీ వద్దంది, వీలైన చోట కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే చెప్పమంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలకు భయం, ఆందోళన లేని చదువు కావాలని 2009లోనే రాసుకుంది. 2026-27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని కేంద్రం పథకం నిపుణ్ భారత్ గడువు పెట్టింది. ఇన్ని మాటల తర్వాత, పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి చూసే ‘అసర్’ సర్వే 2024 లెక్కలో మన దేశపు పల్లెల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 27.1 శాతం. పాఠం చదవడమే రాని వయసులో అడ్వెర్బ్ ఎన్ని రకాలో చెప్పాలట!

అసలు విడ్డూరమేమిటంటే ఆ పాపకు అడ్వెర్బులు బడికి రాకముందే వచ్చు. ‘గబగబా తిను’, ‘మెల్లగా దిగు’, ‘నాన్న పడుకున్నారు, చప్పుడు చేయకుండా ఆడుకో’ వింటూనే పెరిగింది. తాతయ్య చకచకా నడవలేరని, తమ్ముడు గుక్కపట్టి ఏడుస్తాడని, పక్కింటి అత్త పకపకా నవ్వుతుందని అదే చెబుతుంది. పని ఎలా జరిగిందో చెప్పడానికి ఇన్ని మాటలున్న భాషలో పుట్టిన పిల్లకు టీచరమ్మ చేయాల్సిందల్లా నలుగురిని లేపి బోర్డు దాకా నడిపించడం. ఒకడు పిల్లిలా మెల్లగా, ఒకడు బస్సు తప్పిపోతున్నట్టు గబగబా, ఒకడు నిద్రమత్తులో తూలుతూ. ఎలా నడిచాడని క్లాసును అడగడం. పావుగంట పని. పేరు ఐదో తరగతిలో చెప్పినా కొంపలేం మునగవు.

అలా కాకుండా సూత్రం ముందు పెడితే ఏమవుతుందో ఆ జవాబుపత్రంలోనే ఉంది. ‘ఎల్‌వై’ తగిలిస్తే అడ్వెర్బ్ అని నేర్పారు. పాప ‘ఫాస్ట్‌లీ’ అని రాసింది, ఆ మాటకు ‘ఎల్‌వై’ తగలదని తప్పు పెట్టారు. ‘ఫ్రెండ్‌లీ’ని అడ్వెర్బ్ అంది, అది విశేషణం కాబట్టి అదీ తప్పే. నేర్పిన సూత్రాన్నే కదా పాటించింది! రేపు ‘మా నాన్న హార్డ్‌లీ పనిచేస్తారు’ అని రాస్తే, ఆయన దాదాపు పనే చేయరని అర్థమొస్తుంది. ఇక తెలుగు పీరియడ్‌లో భాషాభాగాలు ఐదు, ఇంగ్లిష్ పీరియడ్‌లో ఎనిమిది. తెలుగు లెక్కలో క్రియావిశేషణానికి విడిగా కుర్చీ లేదు. ఈ తేడా ఎందుకో పిల్లకు చెప్పేవారు లేరు. రెండు జాబితాలూ బట్టీ పట్టాలి, అంతే.

ఇంగ్లిష్ పుట్టింట్లోనూ ఈ జబ్బు ఉంది. ఇంగ్లండ్ పాఠ్యప్రణాళికలో ఆరేడేళ్ల పిల్లలే ‘అడ్వెర్బ్’ పేరు నేర్వాలి. 2016లో ఆ వయసు వారికి పెట్టబోయిన వ్యాకరణ పరీక్ష పేపర్‌ను విద్యాశాఖే నమూనా అనుకుని ముందుగా వెబ్‌సైట్లో పెట్టేసి, చివరికి ఆ ఏడాదికి పరీక్షనే ఎత్తేసింది. అదే ఏడాది పాఠశాలల మంత్రి నిక్ గిబ్‌ను రేడియోలో ఓ వాక్యం చెప్పి, అందులోని ‘ఆఫ్టర్’ ఏ భాషాభాగమని అడిగితే తప్పు చెప్పారు. మంత్రిగారి పదవికేం కాలేదు. మన పాపకైతే అర మార్కు పోయింది.

పునాదిలో వ్యాకరణం లేకపోతే ఇంగ్లిష్ రాదని, తల్లిదండ్రులే అడుగుతున్నారని యాజమాన్యాలు అంటాయి. అడిగేవారు ఉన్న మాట నిజమే. కానీ ‘ఒత్తిడి లేని చదువు’ అని బ్రోషర్‌లో అచ్చేసి, లోపల నిర్వచనాలకు మార్కులు పెట్టేది ఎవరు? ప్రభుత్వాలేం తక్కువ తినలేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ మూడో తరగతి నుంచే టోఫెల్ అనే అంతర్జాతీయ ఇంగ్లిష్ పరీక్షకు శిక్షణ అంది. అటు మాతృభాష మీద ఉపన్యాసం, ఇటు మూడో తరగతికి టోఫెల్. చెప్పేదొకటి, చేసేదొకటి అని మళ్లీ అంటున్నాం. అనక తప్పడం లేదు.

ప్రతి బడినీ తనిఖీ చేస్తున్నామని చెప్పుకునే విద్యాధికారులు ఇలాంటి పేపర్‌ను ఒక్కసారైనా తిరగేశారా? తిరగేసి ఉంటే ఎందుకు ఊరుకున్నారు? యాజమాన్యం వారిని, ఆ అధికారులను ఓ గదిలో కూర్చోబెట్టి ఇదే ప్రశ్న ఇద్దాం. పుస్తకం చూడకూడదు. ‘మాడిఫై’ అంటే ఏమిటో ఎనిమిదేళ్ల పిల్లకు అర్థమయ్యేలా తెలుగులో రాయాలి. స్పెల్లింగ్‌కు అర మార్కు కోత వారికీ ఉంటుంది.